హాలు ఫర్నిచర్‌పై ఫిర్యాదు: గోడకు బిగించని డ్రాయర్ యూనిట్, కొలత తప్పిన సోఫా

గౌరవనీయులైన కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మా హాలుకు కావలసిన ఫర్నిచర్ అంతా మీ కంపెనీయే డిజైన్ చేసి, తయారుచేయించి, బిగించి ఇచ్చింది. ఎల్ ఆకారం సోఫా, టీవీ యూనిట్, పిల్లల బట్టలకూ బొమ్మలకూ ఆరు డ్రాయర్ల యూనిట్, పుస్తకాల అర, సీలింగ్ లైట్లు, అన్నీ మీవే. పని పూర్తయి నాలుగు నెలలైంది. ఈలోగా మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "నోట్ చేసుకున్నాం మేడమ్" అన్నారు, మనిషి మాత్రం రాలేదు. పోయిన ఆదివారం జరిగినదాని తర్వాత ఫోన్లతో పని జరగదని అర్థమై ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఆదివారం సంగతి చెప్పాలి. మా బాబుకు నాలుగేళ్లు. డ్రాయర్ యూనిట్ మీద పెట్టిన బొమ్మ కారు కావాలని కింది రెండు డ్రాయర్లు లాగి, మెట్లెక్కినట్టు వాటి మీద ఎక్కాడు. నాలుగడుగుల ఎత్తున్న ఆ యూనిట్ ముందుకు ఒరిగింది. ఎదురుగా సోఫాలో మా అత్తగారు ఉన్నారు. చూస్తూనే ఉన్నారు, కానీ ఆ సోఫాలోంచి ఆవిడ ఒక్కసారిగా లేవలేరు. మా పాప పెట్టిన కేకకు నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో దాన్ని ఆపగలిగాను. పై డ్రాయర్ జారి వాడి పాదం మీద పడింది. రెండు రోజులు వాపు ఉంది, ఎముకకేమీ కాలేదు. నేను ఇంకాస్త దూరంలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ధైర్యం చాలడం లేదు. ఆ రోజు నుంచి రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు.

ఆ సాయంత్రం యూనిట్ ఖాళీ చేస్తుంటే అన్నిటికన్నా కింది డ్రాయర్ అడుగున ఒక ప్లాస్టిక్ కవర్ దొరికింది. అందులో రెండు ఎల్ బ్రాకెట్లు, స్క్రూలు, గోడ ప్లగ్గులు ఉన్నాయి. యూనిట్‌ను గోడకు బిగించడానికి ఫ్యాక్టరీ పంపిన సామాను అది. కవర్ సీలు కూడా తీయలేదు. మీ బిగింపు మనిషికి ఫోన్ చేసి అడిగితే "కొత్త పెయింట్ కదా మేడమ్, గోడకు కన్నాలు పడతాయని వదిలేశాం" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. తప్పకుండా బిగించాలని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. నా ఫిర్యాదు చెప్పాల్సినవాళ్ల మీద. పని అయ్యాక మాతో సంతకం పెట్టించుకున్న కాగితంలో గీతలు పడ్డాయా, రంగు సరిపోయిందా అని పది ప్రశ్నలున్నాయి. గోడకు బిగించామా లేదా అనే ప్రశ్న ఒక్కటీ లేదు.

ఇది ఎందుకు జరుగుతుందో మీకు తెలియనిది కాదు. డ్రాయర్లన్నీ మూసి ఉన్నంతసేపు యూనిట్ బరువు దాని కాళ్ల మధ్యే ఉంటుంది. ఒక్కో డ్రాయర్ బయటికి వచ్చేకొద్దీ ఆ బరువు ముందుకు జరుగుతుంది. తెరిచిన డ్రాయర్ అంచు మీద పిల్లవాడు కాలు పెడితే వాడి బరువు కూడా తోడై, ముందు కాళ్ల మీద యూనిట్ మొత్తం తిరగబడుతుంది. పిల్లలు ఎక్కుతారని ముందే అనుకుని తయారుచేయాల్సిన వస్తువు ఇది. అమెరికాలో ఇలాంటి ప్రమాదాల్లో పిల్లలు చనిపోయాక చట్టమే తెచ్చారు. 2023 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ అమ్మడానికి తయారయ్యే బట్టల డ్రాయర్ యూనిట్లు 27 అంగుళాలు, అంతకు మించి ఎత్తున్నవైతే, పడిపోకుండా నిలబడే పరీక్షలు నెగ్గాలి. పిల్లవాడు ఎక్కినా, లాగినా ఎంత బలం పడుతుందో ఆ పరీక్షల్లో చూస్తారు. కొన్ని యూనిట్లలో ఒక డ్రాయర్ తెరిస్తే రెండోది తెరుచుకోకుండా ఆపే లాక్ కూడా ఉంటుంది. మీరు ఇచ్చిన 48 అంగుళాల యూనిట్‌కు ఆ లాకూ లేదు, గోడకు బిగింపూ లేదు.

ఇక సోఫా. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని నడుస్తారు. మీ డిజైనర్ గారు మా ఇంటికి వచ్చిన రోజు ఆవిడ ఆ హాల్లోనే, వాకర్ పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. డిజైనర్ గారు గది పొడవు, వెడల్పు, కిటికీ ఎత్తు, స్విచ్ బోర్డులు అన్నీ శ్రద్ధగా కొలిచారు. మాకు ఇష్టమైన రంగులు అడిగారు. ఫోన్‌లో ముప్పై ఫోటోలు చూపించారు. ఈ గదిలో ఎవరెవరు ఉంటారు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరికి లేవడం కష్టం అని మాత్రం అడగలేదు. అడగకపోయినా నేనైనా చెప్పాల్సిందని ఇప్పుడు బాధపడుతున్నాను. కానీ అప్పుడు నాకు సీటు ఎత్తు అనే మాట ఒకటి ఉందనే తెలియదు. తెలిసినవాళ్లు మీరు.

సోఫా సీటు నేల నుంచి 15 అంగుళాల ఎత్తులో ఉంది. సీటు లోతు 25 అంగుళాలు. ఫోటోలో చూడటానికి చాలా బాగుంటుంది. పెద్దవాళ్లు అందులో వీపు ఆనించి కూర్చుంటే పాదాలు నేలకు సరిగా ఆనవు, లేవాలంటే మోకాళ్లు నడుము కన్నా పైకి వస్తాయి. మామూలుగా సీటు 17, 18 అంగుళాల ఎత్తు, 20 నుంచి 22 అంగుళాల లోతు ఉంటే చాలామందికి సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు 19 అంగుళాలు ఇంకా నయం. మా పాత చెక్క కుర్చీ 18 అంగుళాలుంది, నేనే కొలిచాను. అత్తగారు ఇప్పుడు మళ్లీ ఆ కుర్చీలోకే వెళ్లిపోయారు. అందరం సోఫాలో కూర్చుంటే ఆవిడ ఒక్కరూ పక్కన కుర్చీలో కూర్చుంటున్నారు. ఇల్లంతా ఒకచోట కూర్చోవాలనే మేం ఈ హాలు చేయించుకున్నాం.

కొలత విషయానికి వస్తే, ఇది అభిప్రాయం కాదు, టేపు పెట్టి చూడగలిగిన లెక్క. మా హాలు వెడల్పు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. టీవీ యూనిట్ లోతు 20 అంగుళాలు. మీరు పంపిన 3డీ డ్రాయింగ్‌లో సోఫా కాళ్లు చాపుకునే భాగం గోడ నుంచి 64 అంగుళాలు వచ్చి ఆగుతుంది, నడవడానికి 36 అంగుళాల దారి మిగులుతుంది. వచ్చిన సోఫా 72 అంగుళాలు. మిగిలిన దారి 28 అంగుళాలు. ఇంట్లో అందరూ తిరిగే దారి 30 నుంచి 36 అంగుళాలు ఉండాలని మీ డిజైనర్ గారే మాకు చెప్పారు. వాకర్ వెడల్పే దాదాపు రెండడుగులు. బెడ్‌రూమ్ నుంచి బాత్రూమ్‌కు అత్తగారు రోజూ ఆ సందులోంచే వెళ్లాలి. టీవీ యూనిట్ డ్రాయర్ ఎవరైనా తెరిచి మరిచిపోతే మిగిలేది 12 అంగుళాలే. రాత్రి పూట అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. "ఆ మోడల్ స్టాక్ లేక పెద్ద సైజు పంపాం, మీకే లాభం" అని మీ ఆఫీసులో ఒకరు అన్నారు. ఇరుకు హాల్లో సోఫా 8 అంగుళాలు పెరిగితే అది మాకు లాభం కాదు. మమ్మల్ని అడగకుండా మార్చడం అంతకన్నా తప్పు.

కుషన్ల గురించి కూడా రాయాలి. కొటేషన్‌లో 40 డెన్సిటీ ఫోమ్ అని ఉంది. నాలుగు నెలలకే మూలన ఉన్న సీటు గుంట పడింది. అనుమానం వచ్చి జిప్పు తీసి లోపలి ఫోమ్ తూకం వేశాను. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుందనే లెక్క. కుషన్ 25 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 5 మందం. అంటే దాదాపు 0.049 ఘనపు మీటరు. 40 డెన్సిటీ అయితే దగ్గర దగ్గర 2 కిలోలు తూగాలి. మా కుషన్ 1 కిలో 380 గ్రాములుంది. లెక్క కడితే 28 వస్తుంది. ఒకటే కదా అని ఇంకో రెండు కుషన్లు కూడా తూచాను, తేడా పది ఇరవై గ్రాములే. ఫోటోలు జతచేశాను. మీరూ మీ తక్కెడ తెచ్చి నా ముందే తూచండి.

టీవీ యూనిట్ అడుగు అంచు ఉబ్బింది. నీటిని తట్టుకునే ప్లైవుడ్ అని కొటేషన్‌లో రాసి ఉంది. ఉబ్బి, పైన అతికించిన లామినేట్ పొర విడిపోయిన చోట చూస్తే లోపల చెక్క పొరలు లేవు, రంపపు పొట్టు లాంటి ముక్కలు ఒత్తిన పార్టికల్ బోర్డు ఉంది. పైగా నేలకు ఆనే అంచుకు ఎడ్జ్ బ్యాండింగ్, అంటే అంచును మూసే పట్టీ, వేయలేదు. తడిగుడ్డతో నేల తుడిచిన ప్రతిసారీ ఆ అంచు నీళ్లు పీల్చింది. పార్టికల్ బోర్డు వాడటం తప్పని నేననను. పొడి చోట, నాలుగు అంచులూ మూసి వాడితే బాగానే ఉంటుందని మాకు తెలిసిన వడ్రంగి కూడా చెప్పాడు. కానీ ఒకటి రాసి ఇంకొకటి పెట్టడం మోసం కాదా? పుస్తకాల అర కూడా అదే బోర్డు. నాలుగడుగుల పొడవుకు మధ్యలో ఆధారం లేకుండా 16 మిల్లీమీటర్ల పలక పెట్టారు. పిల్లల పుస్తకాలకే అది కిందికి వంగింది.

మొదటి నెలంతా హాల్లో కళ్లు మండేంత వాసన ఉండేది. ఇలాంటి బోర్డుల్లో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చిందని తర్వాత చదివాను. మా ఇంట్లో పెట్టిన బోర్డు ఈ1 తరగతిదా, అంటే ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే రకమా, కాదా? ఆ సర్టిఫికెట్ కాపీ నాకు కావాలి. ఇది భయపెట్టడానికి అడగడం లేదు. పిల్లలు ఆడుకునేదీ, హోంవర్క్ చేసుకునేదీ ఆ గదిలోనే.

లైట్ల సంగతి చిన్నది. పసుపు ఛాయ ఉండే వార్మ్ వైట్, అంటే 3000 కెల్విన్ లైట్లు అడిగితే 6500 కెల్విన్ తెల్ల లైట్లు పెట్టారు. అవి మారిస్తే చాలు.

నేను అడుగుతున్నవి ఇవి. డ్రాయర్ యూనిట్‌ను ఈ లేఖ అందిన రెండు రోజుల్లో గోడకు బిగించాలి, ఒకేసారి రెండు డ్రాయర్లు తెరుచుకోని లాక్ పెట్టాలి. పెట్టడం కుదరకపోతే యూనిట్ వెనక్కి తీసుకోవాలి. దీనికి వాయిదా ఒప్పుకోను. సోఫాను డ్రాయింగ్‌లో చూపిన 64 అంగుళాల కొలతకు, కనీసం ఒక వైపు 18 అంగుళాల సీటు ఎత్తుతో, కొటేషన్‌లో రాసిన ఫోమ్‌తో మార్చాలి. టీవీ యూనిట్, పుస్తకాల అర మీరు రాసిచ్చిన ప్లైవుడ్‌తో మళ్లీ చేయాలి. అరకు మధ్యలో ఆధారం ఉండాలి. వీటికి 15 రోజుల్లో తేదీలతో సహా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే వినియోగదారుగా నాకున్న చట్టబద్ధమైన దారిలో వెళ్తాను.

కొత్త సోఫా చేయించే ముందు ఒక పని చేయమని అడుగుతున్నాను. మీ డిజైనర్ గారు మా హాలు నేల మీద సోఫా, టీపాయ్, టీవీ యూనిట్ అసలు సైజుల్లో రంగు టేపు అంటించాలి. డ్రాయర్లు తెరిచినప్పుడు ఎంతవరకు వస్తాయో అది కూడా గీయాలి. ఆ గీతల మధ్య మా అత్తగారు వాకర్‌తో ఒకసారి నడుస్తారు, పిల్లలు ఒకసారి పరుగెత్తుతారు. ఎక్కడ తగులుతుందో అప్పుడే తెలిసిపోతుంది. పోయిన వారం నేను పాత న్యూస్‌పేపర్లు పరిచి ఇదే చేసి చూశాను. అరగంట పట్టింది. సోఫాను కిటికీ వైపు ఒక అడుగు జరిపి, టీపాయ్ తీసేసి, దాని బదులు కిందకి తోసేయగలిగే రెండు చిన్న స్టూళ్లు పెడితే మా గదికి ఎంత బాగుంటుందో అప్పుడే కనిపించింది. ఈ పని మొదట్లోనే, మీ మనుషులతో కలిసి చేసి ఉంటే ఈ లేఖ రాయాల్సిన అవసరం వచ్చేది కాదు. ఇక మీదట మీరు వెళ్లే ప్రతి ఇంట్లో ఎవరెవరు ఉంటారో, వాళ్ల వయసులేమిటో, ఎవరికి నడవడం, లేవడం కష్టమో రంగుల కన్నా ముందు అడగమని మీ డిజైనర్లకు చెప్పండి. మా బాబు లాంటి పిల్లలు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉన్నారో, ఆ ఇళ్లలో ఎన్ని బ్రాకెట్ల కవర్లు డ్రాయర్ల అడుగున అలాగే ఉన్నాయో మీ రికార్డులు తీసి చూడండి. వాళ్లందరికీ ఈ వారమే ఫోన్ చేయండి.

కొటేషన్, 3డీ డ్రాయింగ్, సంతకం పెట్టిన కాగితం కాపీలు, కుషన్ల తూకం ఫోటోలు, ఉబ్బిన అంచు ఫోటోలు జతచేశాను. ప్రస్తుతం డ్రాయర్ యూనిట్‌ను గోడ వైపు తిప్పి పెట్టాం, పిల్లల బట్టలు అట్టపెట్టెల్లో ఉన్నాయి. సాయంత్రం ఐదు తర్వాత ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను. బ్రాకెట్ల కవర్ సీలు తీయకుండా అలాగే దాచాను. వచ్చే మనిషిని డ్రిల్ మిషన్ తెచ్చుకోమని చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారు