దుబాయ్‌లో ఉన్న చిన్నోడికి

బిడ్డా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాట్లు అయిపోయాయి. అక్క చిన్నదానికి జ్వరం తగ్గింది. నీ ఫోన్ వచ్చి ఇరవై రెండు రోజులైంది. పని ఎక్కువై ఉంటుందని మీ అమ్మకు చెబుతున్నాను.

కింది వాడకట్టు రాజన్న అల్లుడు శనివారం బయలుదేరుతున్నాడు. అతని చేత సకినాలు, మామిడికాయ తొక్కు, నీ మోకాలికి నూనె పంపుతున్నాం.

బర్ దుబాయ్ వైపు ఎప్పుడైనా వెళ్ళావా? తెరిచి ఉంటే అల్ ఫాహిదీ కోట చూడు. 2003లో ఒక శుక్రవారం నేనూ మల్లయ్య బావా దేరా నుంచి అబ్రా పడవలో క్రీక్ దాటి, గుడిలో దండం పెట్టుకుని అటు నుంచి అటే వెళ్ళాం. టికెట్ మూడు దిర్హములు. ఆ డబ్బుకు కుబ్బూస్ రొట్టెలు వచ్చేవని బావ బాధపడ్డాడు. 1787లో కట్టిన కోట అది. పగడపు రాళ్ళు, సున్నంతో కట్టిన గోడలు. ఒకప్పుడు జైలుగా కూడా వాడారట, 1971లో మ్యూజియం చేశారు. ముంగిట ఖర్జూరపు మట్టల ఇల్లు, దానిపైన గాలిని పట్టి కిందికి దించే గోపురం. మన తాటికమ్మల పందిరే గుర్తొచ్చింది. నీ గదిలో ఏసీ బాగు చేశారా?

నేల కింది గదుల్లో ముత్యాల కోసం మునిగేవాళ్ళ సామాను ఉంది. ముక్కుకు తాబేలు చిప్ప క్లిప్పు, కాలికి రాయి, మెడలో వల బుట్ట, తాడు. వేసవి నాలుగు నెలలూ సముద్రం మీదే. పడవ యజమాని ముందే ఇంటికి అడ్వాన్సు ఇచ్చేవాడు. ముత్యాలు దొరక్కపోతే ఆ అప్పు వచ్చే ఏడాదికి, తండ్రి పోతే కొడుకు మీదికి. 1930లలో జపాన్ సాగు ముత్యాల దెబ్బకు ఆ వ్యాపారమే కూలిపోయింది. అక్కడే చాలాసేపు నిలబడ్డాను. అప్పుడు నేను ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పుకు మూడు రూపాయల మిత్తి కడుతున్నాను. పడవ మీద తాడు పట్టుకున్నవాడు కన్ను పక్కకు తిప్పకూడదట. కింద ఉన్నవాడు ఒక్కసారి గుంజితే చాలు, వెంటనే పైకి లాగేవాడు.

నువ్వు కంపెనీ విడిచి, కాగితాలు లేకుండా తిరిగే కల్లివెల్లి అయ్యావని రాజన్న అల్లుడికి ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. మీ అమ్మకు చెప్పలేదు. జీతం ఆపారా? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా? జిరాక్సు తీసి వేరే చోట దాచు. కల్లివెల్లి అయినవాడు జ్వరమొస్తే ఆస్పత్రికి పోవడానికి కూడా భయపడతాడు, నా కళ్ళతో చూశాను. కష్టమైతే మన కాన్సులేట్ బర్ దుబాయ్‌లోనే ఉంది, వెళ్ళి అడుగు, సిగ్గుపడకు. ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా చదివించుకోకుండా పెట్టకు. అప్పు నా పేరు మీద ఉంది, నీ మీదికి రానివ్వను. ఇంటికి వచ్చేస్తానన్నా ఎందుకని ఎవరూ అడగరు.

పూట మానకుండా తిను. తొక్కు సీసా కవర్లోంచి తీసి నిలబెట్టు, నూనె కారుతుంది. అందగానే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు, మేమే చేస్తాం. రాత్రి ఎంతైనా ఫరవాలేదు, ఫోన్ నా దిండు పక్కనే ఉంటుంది.

నాయిన