సైక్లోస్టైల్ కథలకూ గ్రంథాలయంలో చోటుండాలి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఫ్యాన్ ఫిక్షన్ (నచ్చిన సీరియల్, సినిమా పాత్రలతో అభిమానులే అల్లుకునే కథలు) మీద వచ్చిన వ్యాసం చదివాను. చేతికి ఫోన్లొచ్చాక పనీపాటా లేని కుర్రకారు మొదలెట్టిన కాలక్షేపమనీ, ఇలాంటి రాతలు దాచడం గ్రంథాలయాలకు దండగ ఖర్చనీ అందులో తేల్చేశారు. రెండు మాటలూ ఒప్పుకోలేను.

అంతరిక్ష నౌకలో గ్రహాలు తిరిగే బృందం కథ ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికా టీవీ సీరియల్. దాని అభిమానుల తొలి పత్రిక ‘స్పాకనేలియా’ 1967లోనే న్యూయార్క్‌లో వచ్చింది. నడిపిన డెవ్రా లాంగ్‌సమ్, షెర్నా కమర్‌ఫోర్డ్ ఇద్దరూ ఆడవాళ్లే. లాంగ్‌సమ్ లైబ్రేరియన్ కూడా (నా వృత్తే కాబట్టి కాస్త గొప్పగా చెప్పుకుంటున్నాను). అప్పట్లో ఇలాంటి పత్రికలంటే స్టెన్సిల్ మీద టైపు కొట్టాలి, సైక్లోస్టైల్ మిషను తిప్పి కాపీలు తీయాలి, కాగితాలు వరసగా పేర్చి పిన్ను కొట్టి పోస్టులో వేయాలి. సీరియల్లో వేరే గ్రహం నుంచి వచ్చిన నౌకాధికారి స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమాయ్ ఆ తొలి సంచికకు స్వయంగా ఉత్తరం రాశాడు.

ఇంత శ్రమపడి రాసింది దేని గురించి? ఎక్కువగా స్నేహం గురించే. 1967 సెప్టెంబరులో ప్రసారమైన ఒక ఎపిసోడ్ చూడండి. స్పాక్‌ను ప్రాణాపాయం నుంచి కాపాడేందుకు నౌక కెప్టెన్ కిర్క్ పైవాళ్ల ఆజ్ఞ కాదని, ఉద్యోగం పోతుందని తెలిసీ, నౌకను అతని స్వగ్రహానికి మళ్లిస్తాడు. అక్కడి ఆచారం ప్రకారం ఇద్దరూ తలపడాల్సి వస్తుంది. తన చేతుల్లోనే కిర్క్ చనిపోయాడనుకుని స్పాక్ నౌకకు తిరిగొస్తాడు. తీరా చూస్తే కిర్క్ నిక్షేపంగా నిలబడి ఉంటాడు. ఎన్నడూ నవ్వని స్పాక్ అతని రెండు చేతులూ పట్టుకుని నవ్వేస్తాడు. పక్కన జనం ఉన్నారని గుర్తొచ్చి మరుక్షణమే ముఖం బిగించుకుంటాడు. ఆ రెండు మూడు సెకన్లు అభిమానులకు తరగని గని. ముక్కూమొహం తెలియని గ్రహం మీద ఒకరికి దెబ్బ తగలడం, రెండోవాడు వదిలి వెళ్లనని మొండికేయడం వాళ్ల కథల్లో ఎన్నిసార్లు వచ్చిందో! ఆ స్నేహాన్ని ప్రేమగా మలిచిన కథ 1974లో అచ్చయింది. దాని మీద అభిమానుల్లోనే పెద్ద గొడవలయ్యాయి.

అన్నీ మంచి కథలేనని నేననను. చాలావాటిలో కథ తక్కువ, కన్నీళ్లు ఎక్కువ. నౌకలో అడుగుపెట్టగానే అందర్నీ బుట్టలో వేసుకునే అమ్మాయిల కథలకు విసిగిపోయి, పౌలా స్మిత్ 1973లో ‘మేరీ స్యూ’ అనే పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్‌ను సృష్టించి ఎగతాళి చేసింది. ఆ పేరు విమర్శకుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. అంటే తమ రాతల్లో తాలు ఎక్కడుందో వాళ్లకే బాగా తెలుసు.

సీరియల్ 1969లో 79 ఎపిసోడ్లతో ఆగింది, కథలు ఆగలేదు. 1976లో బాంటమ్ సంస్థ కొన్నింటిని పుస్తకంగా వేసింది. ఇలాంటి అభిమాన పత్రికలు ఇవాళ అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. ఒక తరం ఆడవాళ్లు తీరిక చేసుకుని ఏం రాసుకున్నారో తెలుసుకోవాలంటే పరిశోధకులు ఆ పెట్టెలే తెరవాలి.

మన దగ్గరా కాలేజీ కుర్రాళ్ల లిఖిత పత్రికలు, సైక్లోస్టైల్ సంచికలు ఎన్నో వచ్చాయి. నేను పనిచేసిన ఒక గ్రంథాలయంలో వాటి కట్టలు పాత పేపర్లతో కలిపి తూకానికి వేశారు. రిజిస్టర్లో నంబరు లేదు కాబట్టి అడిగేవాళ్లూ లేరు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అందులోంచి కొంత తీసి జిల్లా గ్రంథాలయ సంస్థలు ఇలాంటి పత్రికలకు జాబితా రాయించాలి, స్కాన్ చేయించాలి. ఆ పని అయ్యేదాకా నంబరు లేని ఏ కట్టనూ తుక్కు కింద అమ్మకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

— ఒక విశ్రాంత గ్రంథపాలకుడు, గుంటూరు జిల్లా