బియ్యం నిండుకున్నాయి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. సాయంత్రాలు ఇంట్లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నానని రాశాను కదా, ధ్యాసంతా దాని మీదే ఉంటోంది.

వాళ్లలో ఒక అమ్మాయి బస్టాండు దగ్గర లాడ్జి కౌంటరులో పనిచేస్తుంది. ఇంగ్లీషు క్రియల మూడు రూపాల పట్టిక, అదే వీ వన్, వీ టూ, వీ త్రీ, మొత్తం కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా రన్, ర్యాన్, రన్ అని తడుముకోకుండా చెబుతుంది. మొన్న తెల్లవారుజామున, దర్శనానికి బయల్దేరుతున్న సింగపూర్ యాత్రికుడొకరు ఫోను చేసి వేడినీళ్లు 'రన్ అవుట్' అయ్యాయని ఇంగ్లీషులో చెప్పారట. నీళ్లు గదిలోంచి బయటికి పారుతున్నాయనుకుని, పాపం, బకెట్టూ గుడ్డా ఇచ్చి పనివాణ్ణి పరుగున పైకి పంపింది. తీరా చూస్తే కొళాయిలో చుక్క లేదు, రన్ అవుట్ అంటే అయిపోవడం. "అందరి ముందూ తిట్టారు సార్" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నా మనసు చివుక్కుమంది. ఆ పిల్ల తప్పేముంది? పట్టికలో రన్ పక్కన అవుట్ ఎక్కడుంది?

"ఇంట్లో బియ్యం అయిపోతే మీ అమ్మ ఏమంటుంది?" అని అడిగాను. "నిండుకున్నాయంటుంది" అని, వెంటనే నా ముఖంలోకి చూసింది. డబ్బా ఖాళీ అయితే నిండుకున్నాయనడం! లేవనే మాట ఇంట్లో వినపడకూడదని మన పెద్దవాళ్ల పట్టింపు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు అది విని డబ్బా నిండా బియ్యం ఉన్నాయనుకోడా?

ఆ రోజే పట్టిక పక్కన పెట్టించాను. పుట్ మూడు రూపాల్లోనూ మారదు కాబట్టి పిల్లలు సులువనుకుంటారు. కానీ పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. పైగా, వాయిదా వేసే పని పేరును ఆఫ్‌కు ముందైనా వెనకైనా పెట్టవచ్చు, ఇట్ అనే సర్వనామం మాత్రం మధ్యలోనే రావాలి: పుట్ ఇట్ ఆఫ్. ఇవి వాక్యంలో వింటే తప్ప పట్టుబడవు.

గో సంగతి నాకు మరీ ఇష్టం. దాని భూతకాలంగా చెప్పే వెంట్ నిజానికి దాని సొంత రూపం కాదు, వెండ్ అనే పాత క్రియ నుంచి వచ్చి చేరింది. మనకు 'ఉంది'కి ఎదురు 'లేదు' లేదూ? ఆ రెండింటి మొదళ్లకూ ఏమైనా పోలిక ఉందా? ఇక దీపం విషయంలో గో అవుట్ అంటే ఆరిపోవడం. మనం ఆరిందనము, కొండెక్కిందంటాం. రోజూ కొండెక్కే జనాన్ని చూసే పిల్లలకు అది చెప్పగానే ముఖాలు వెలిగాయి.

మీ అమ్మగారు ఇలాంటివి ఎన్నో అంటుంటారు. గుర్తున్నన్ని రాసి పంపు. ఒక్కోదానికీ ఇంగ్లీషు జోడీ వెతికి ఆ అమ్మాయి నోటుబుక్కులో రాయించాలి. మొదటి పేజీలో ఇప్పటికే రాసుకుంది: "రన్ అవుట్ – లాడ్జిలో వేడినీళ్లు, ఇంట్లో బియ్యం."

నీ
శ్రీధర్