తిరుపతి రైలుకంటే గంట ఎక్కువేగా అంది మా అమ్మ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీరూ తెలుగువారే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

మే నెలలో మా చెల్లి పురుటికని అమ్మ డాలస్ వెళ్లింది. ఆమెకి 68 ఏళ్లు. టికెట్ చేతికివ్వగానే కళ్లజోడు పెట్టుకుని చూసింది. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4కి ఎక్కడం, అదే రోజు సాయంత్రం 5కి అక్కడ దిగడం. "పదమూడు గంటలేగా, తిరుపతి రైలుకంటే ఓ గంట ఎక్కువ" అంది. అక్కడి టైము మనకంటే పదిన్నర గంటలు వెనకని, అసలు లెక్క ఇరవై మూడున్నర గంటలని చెప్పేసరికి ఆవకాయ డబ్బాకి టేపు చుడుతున్న చెయ్యి ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో రాత్రి పదకొండున్నరకే బయల్దేరాం. అదీ కలిపితే ఇరవై ఎనిమిది.

గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం బిగించి పట్టండి. అది ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, ఆగకుండా వెళ్తే పదహారు, పదిహేడు గంటలు. గల్ఫ్‌లో దిగి వెళ్తే 15,600 పైచిలుకు. అంటే చుట్టుదారి పన్నెండు వందల కిలోమీటర్లే. మిగతా గంటలన్నీ దిగడంలో, ఎక్కడంలో, కూర్చోవడంలో పోతున్నాయి.

ఆ కూర్చోవడం దగ్గరే మాకు టెన్షన్. గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో వీల్‌చైర్ తోసిన అబ్బాయి అమ్మని గేటు దగ్గర దింపి వెళ్లిపోయాడు. వైఫైకి ఓటీపీ కావాలి, ఆమె నంబరుకి అక్కడ మెసేజ్ రాదు. ఈలోగా గేటు మారింది. అనౌన్స్‌మెంట్ ఆమెకి అర్థం కాలేదు. అక్కడ నేల తుడుస్తున్న జగిత్యాల కుర్రాడొకడు చేతిలో పులిహోర పొట్లం చూసి పలకరించాడట. "అమ్మా, నీ గేటు ఇది కాదు" అని వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. అతను లేకపోతే ఏమయ్యేదో!

అమెరికా వీసా ఇంటర్వ్యూ ఇక్కడే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అవుతుంది. విమానం మాత్రం ఇంకెక్కడో మారాలి. 2021 జనవరిలో ఇక్కడి నుంచి షికాగోకి నేరుగా విమానం మొదలైంది, తర్వాత ఆగిపోయింది. రెండు దేశాల విమాన సంస్థలూ ఎన్ని సర్వీసులైనా నడుపుకోవచ్చనే 2005 నాటి ఓపెన్ స్కైస్ ఒప్పందం ఉంది కాబట్టి అనుమతుల చిక్కు లేదు. చిక్కల్లా విమానాలు, ఇంధనం, దారి. పాకిస్తాన్ మీదుగా మన విమానాలకి 2025 ఏప్రిల్‌లో దారి మూసుకుపోయింది, రష్యా మీదుగా అమెరికా విమానాలకి 2022లోనే మూసుకుపోయింది. ఇవన్నీ మీ చేతిలో లేనివేనని తెలుసు. అయినా సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా ఎగురుతున్నారు కదా. విమానయాన సంస్థలని కూర్చోబెట్టి, డాలస్‌కో షికాగోకో వారానికి రెండు సర్వీసులైనా అడగండి.

అది కుదిరేదాకా ఒక చిన్న పని చేయించండి. మధ్యలో విమానం మారే పెద్దవాళ్లకి శంషాబాద్ కౌంటర్‌లోనే తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. మొత్తం ఎన్ని గంటలు, ఎక్కడ దిగాలి, అక్కడి టైము ఎంత, గేటు నంబరు ఏ బోర్డులో చూసుకోవాలి, ఎవరిని అడగాలి అన్నవి పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు.

అమ్మ నవంబరులో తిరిగొస్తుంది. అప్పటికి మీ కాగితం రాకపోతే నేనే రాసి వాట్సాప్‌లో పంపుతాను, చెల్లి ప్రింట్ తీసిస్తుంది.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ప్రయాణికురాలి కొడుకు