ఊయల దగ్గర ఎవరి బొమ్మ ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో వచ్చిన ఇటలీ యాత్రా వ్యాసంలో ఫ్లోరెన్స్‌లోని అనాథ శిశువుల ఆసుపత్రి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. గోడ మీద తెల్లని పసిపిల్లల బొమ్మలతో అందంగా అలంకరించారని రాశారు. నేను పిల్లల వార్డులో ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. ఆ బిడ్డల్ని అలంకారం అనేసి ముందుకు వెళ్లిపోతే నాకు మనసొప్పలేదు.

మా అబ్బాయి అక్కడ చదువుకునే రోజుల్లో వెళ్లి, ఆ ఆసుపత్రి మెట్ల మీద ఒక పూటంతా కూర్చున్నాను. దాని పేరు ఇన్నొచెంతి. బ్రునెలెస్కి అనే వాస్తుశిల్పి నమూనాతో, పట్టు వర్తకుల సంఘం డబ్బుతో 1419లో పని మొదలైంది. 1445లో మొదటి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల, ఆగత అని పేరు పెట్టారు. వరండా కమానుల మధ్య గుండ్రటి గూళ్లు మాత్రం ఇంకో నలభై ఏళ్లు ఖాళీగానే ఉన్నాయి. 1487లో ఆండ్రియా దెల్లా రొబ్బియా అనే శిల్పి వాటిలో పదిమంది పొత్తిళ్ల బిడ్డల్ని నిలబెట్టాడు. ఆ పది కాక మరీ చివరన ఉన్నవి 19వ శతాబ్దంలో చేర్చిన నకళ్లు.

కింద నిలబడి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తల ఎత్తి ఒక్కొక్కటీ చూడాలి. ఒక బిడ్డకు పాదాల దాకా పట్టీలు బిగించి చుట్టారు. ఇంకో బిడ్డకు అవి వదులై జారిపోతున్నాయి. చేతులు మాత్రం చాచి, అరచేతులు మనవైపే తెరిచి ఉన్నారు. వార్డులో నేను రోజూ చూసిన చేతులే అవి. పొత్తిగుడ్డ కాస్త వదులైతే చాలు, ముందు చేతులే బయటికొస్తాయి. ఆ శిల్పి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని చూసినవాడే అయి ఉంటాడని నా నమ్మకం.

అవి రాళ్లు కావు, మట్టి. ఆండ్రియా తండ్రికి సోదరుడైన లూకా ఈ పద్ధతిని శిల్పాలకు తెచ్చాడు. కాల్చిన మట్టి మీద తగరం కలిసిన గాజు పూత పూసి మళ్లీ ఆవంలో కాలుస్తారు. పాలలాంటి తెలుపు, ఆకాశంలాంటి నీలం అలా వస్తాయి. ఎండకూ వానకూ పోవు. అందుకే వాటిని గుడి లోపల కాకుండా వీధి వైపు పెట్టగలిగారు. చదువు రాని తల్లి బిడ్డను కొంగులో దాచుకుని చీకట్లో వచ్చినా, ఇదే ఆ ఇల్లని ఆ గోడ చెప్పేది. వరండా ఎడమ చివర, బిడ్డల్ని వదిలే చోటు ఇప్పటికీ ఉంది. దాన్ని 1875లో మూసేశారు. ఎప్పటికైనా వచ్చి గుర్తు పట్టడానికి తల్లులు సగానికి కోసి బిడ్డతో ఉంచిన నాణేలు, పతకాలు లోపల మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు నేను ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

అక్కడి నుంచి రైలెక్కితే పిస్తోయా. ఆ ఊళ్లో చెప్పో అనే ఆసుపత్రి వరండా పొడవునా సాంతి బుల్యోని అనే శిల్పి 1526 తర్వాత చేసిన రంగుల మట్టి బొమ్మల పట్టీ ఉంది. బట్ట లేనివారికి బట్ట, బాటసారికి బస, రోగికి పరామర్శ, ఖైదీకి ఓదార్పు, చనిపోయినవారికి ఖననం, ఆకలికి అన్నం, ఇలా దయ చేసే పనులన్నీ వరసగా ఉన్నాయి. దాహానికి నీళ్లిచ్చే చివరి పలకను యాభై ఏళ్లకు పైగా గడిచాక ఫిలిప్పో పలదీని చేశాడు. దానికి ఆ గాజు పూత లేదు, తేడా తెలిసిపోతుంది. ఆసుపత్రి 2013లో కొత్త భవనానికి వెళ్లిపోయింది. ఆ బొమ్మల పట్టీ అక్కడే ఉంది.

ఒక మాట ఒప్పుకోవాలి. పిస్తోయా గోడ మీద పెద్దల గుర్తులు లేకపోలేదు. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచి వంశం చిహ్నం ఉంది. ఆసుపత్రి పెద్ద లియొనార్దో బువొనఫెదె కూడా ఉన్నాడు. కానీ ఆయన్ను చూపింది వంగి బాటసారి కాళ్లు కడుగుతుండగా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఊళ్లో ఒక ఆసుపత్రి గేటు పక్కన ఊయల పెట్టారు. పెంచుకోలేని బిడ్డను చెత్తకుండీలో వేయకండి, ఇక్కడ పడుకోబెట్టండి అని. ఎంతో మంచి పని. దాని వెనక కట్టిన ఫ్లెక్సీ మీద మాత్రం తొమ్మిది మంది నాయకుల ముఖాలున్నాయి. లెక్కపెట్టాను. బిడ్డ బొమ్మ ఒక్కటీ లేదు. ఊయల అన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. రాత్రిపూట భయంతో వచ్చే పిల్లకు అన్ని ముఖాలు తననే చూస్తున్నట్టుంటే అక్కడ ఆగుతుందా?

మన జిల్లాల్లో ఆవం పేర్చే కుమ్మరులు ఇంకా ఉన్నారు. ప్రతి ఊయల దగ్గరా కాల్చిన మట్టితో చేసిన ఒక పసిబిడ్డ బొమ్మ పెట్టడానికి ఫ్లెక్సీల ఖర్చే సరిపోతుంది. ఈ విషయం స్త్రీ, శిశు సంక్షేమ శాఖ అధికారుల దృష్టికి తీసుకెళ్లమని మీ పత్రికను కోరుతున్నాను. వానలు మొదలయ్యేలోపు పెట్టగలిగితే మరీ మంచిది. ఆ ఊయల మీద పైకప్పు కూడా లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా