మా సైటులో ఈ మార్పులు ఎందుకొచ్చాయంటే

ఈ వారం మా కలంకారీ చీరల సైటు తెరిచినవాళ్లకు కొన్నిచోట్ల తేడా కనిపించి ఉంటుంది. ధర రాసేచోటు తెర పైభాగానికి వచ్చింది. చిరునామా రాసేచోట జిల్లా గడి లేదు. ఆకుపచ్చ వాట్సాప్ గుర్తు చిన్నదై ఓ మూలకు పోయింది. ఇవేవీ డెవలపర్ సరదాపడి చేసినవి కావు. కొందరు కస్టమర్లు వాళ్ల ఇంట్లో, వాళ్ల ఫోన్లో మా సైటు వాడుతుంటే మేం తిరుపతిలో కూర్చుని వీడియో కాల్‌లో చూశాం. అప్పుడు తేలినవాటిలోంచే ఈ మార్పులు వచ్చాయి.

సైటు ఎలా ఉందని అడిగితే మనవాళ్లు "బాగుందండీ" అనేస్తారు. ఎదుటివాళ్లను నొప్పించడం ఎందుకని. అందుకే అభిప్రాయం అడగకుండా పని అప్పజెప్పాం. "మీ కోడలి సీమంతానికి చీర కావాలి, పదివేలు దాటకూడదు. మామూలుగా ఎలా కొంటారో అలాగే కొనండి, మనసులో అనుకునేది పైకి అంటూ ఉండండి." ఇంతే. ధరను బట్టి చీరలు ఏరి చూపించే ఫిల్టర్ అన్న మాట మేం ఎత్తలేదు. ఎత్తితే ఆ మాట ఎక్కడుందా అని తెరంతా వెతుకుతారు, మనకు తెలిసేది ఏమీ ఉండదు. పని చెప్పేశాక మైకు ఆపుకుని కూర్చోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. కొనే బటన్ కళ్లెదుటే ఉంటుంది, కొనే ఆవిడ దాన్ని దాటేసి కిందికి పోతుంటారు, మనం మాత్రం నోరు మెదపకూడదు. అమ్మేవాళ్లకు ఇంతకు మించిన శిక్ష లేదు.

కొట్టుకే పిలిచి చూడొచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అడిగారు. కొట్టులో మా వైఫై, మా ఫోను, పక్కనే మేము. ఇంట్లో సంగతి వేరు. పలమనేరు నుంచి కలిసిన ఒకావిడ ఫోన్లో అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకున్నారు. ఆ సైజులో చీర పేరే మూడు వరుసలు పట్టింది, ధర తెర అడుగుకు జారింది, వాట్సాప్ గుర్తు వచ్చి సరిగ్గా దాని మీదే కూర్చుంది. "రేటు యాడ పెట్నారు మా?" అంటూ ఆవిడ తెరను పైకీ కిందికీ తోస్తూనే ఉన్నారు. మా కంప్యూటర్లో చూసుకుంటే ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు.

మాకు ఎక్కువ పనికొచ్చింది ఫోటోల దగ్గర జరిగింది. దాదాపు అందరూ మొదట చేసింది ఒకటే, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేయబోవడం. శ్రీకాళహస్తి పని, అంటే కలంతో చేత్తో గీసే కలంకారీ, తెలిసినవాళ్లు మరీ. చేత్తో గీసినదైతే ఒకే నెమలి అంచు పొడవునా పదిసార్లు వచ్చినా ఏ రెండింటి గీతా అచ్చంగా కలవదు. అచ్చు వేసినదైతే కలుస్తుంది. వాళ్లు చూడాలనుకున్నది అదే. మా సైటులో బొమ్మకు బదులు పేజీ మొత్తం పెద్దదై, చీర పక్కకు జరిగిపోతోంది. ఇప్పుడు బొమ్మ ఒక్కటే పెద్దదవుతుంది. ప్రతి చీరకూ అంచు, కొంగు, వెనకవైపు దగ్గరి ఫోటోలు పెడుతున్నాం. పాత సరుకుకు ఇంకా తీయాలి, కొంచెం ఓపిక పట్టండి. పెన్ కలంకారీయా (చేత్తో గీసినదా), ప్రింటా అన్నది చీర పేరు కిందే రాస్తున్నాం. ఇంతకుముందు వివరాల అడుగున ఉండేది, అక్కడిదాకా వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు.

జిల్లా గడి కథ వేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలోకి, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. ఆధార్ కార్డులో చిత్తూరు, మా జాబితాలో ఇంకోటి. ఏది నొక్కాలో తెలియక మదనపల్లె ఆయన కాసేపు ఆలోచించి ఫోను పక్కన పెట్టేశారు. కొరియర్‌కు ఆరంకెల పిన్‌కోడ్, ఊరు, వీధి, ఫోన్ నంబరు చాలు. గడి తీసేశాం.

ఎంతమందితో చూస్తే సరిపోతుందని చాలామంది అడిగారు. సైట్లు వాడేవాళ్లకు తేలికగా ఉన్నాయా అని పరీక్షించే రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లో, ఐదుగురితో చూస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని రాశారు. దాంతో ఆపమని ఆయన అనలేదు. సరిచేసి మళ్లీ చూడాలి, వాడేవాళ్లు బాగా వేరువేరు రకాలైతే ఒక్కో రకం నుంచి కొందరిని తీసుకోవాలి. మాకు ఇక్కడి ఇల్లాళ్లూ కావాలి, అమెరికా నుంచి అమ్మకు చీర పంపే పిల్లలూ కావాలి. ఆ పిల్లల వంతు ఇంకా ఉంది. మనకు పొద్దు పొడిచేసరికి వాళ్లకు రాత్రి, టైం కుదరడమే పెద్ద పని.

అడిగినవన్నీ చేయలేదు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టం. తిరిగొచ్చిన చీర రానుపోను ఖర్చు మా స్థాయికి భారం. తెర మీది రంగు, చేతికొచ్చిన రంగు ఒకటిగా ఉంటాయని మాట ఇవ్వలేం, ఒక్కో ఫోను ఒక్కోలా చూపిస్తుంది. కొత్త గుడ్డకు పాల వాసన వస్తోందన్నవాళ్లకు: కరక్కాయ, పాలతో గుడ్డను తయారుచేస్తారు కాబట్టి వస్తుంది, అది లోపం కాదు.

ఇక జాగ్రత్త మాట. "స్క్రీన్ చూపించాలా? ఇదేదో మోసమేమో" అని ఒకరు కాల్ పెట్టేశారు. ఆయన చేసిందే కరెక్టు. మేం ముందుగా వాట్సాప్‌లో అడిగి, ఒప్పుకున్నాకే లింకు పంపుతాం. నోటిఫికేషన్లు ఆపుకోమని చెప్పాకే స్క్రీన్ షేర్ చేయమంటాం, ఎందుకంటే ఓటీపీ వస్తే అదీ మాకు కనబడుతుంది. డబ్బు కట్టే మెట్టును టెస్ట్ మోడ్‌లో పెడతాం, రూపాయి కదలదు. రికార్డింగ్ మీరు సరేనంటేనే, మార్పులయ్యాక చెరిపేస్తాం. కొత్త యాప్ ఎక్కించుకోమని గానీ, ఓటీపీ, పిన్ చెప్పమని గానీ మా పేరుతో ఎవరైనా అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తర్వాతి విడత దసరా సరుకు ఎక్కించే ముందు. రావాలనుకునేవాళ్లు సైటులోని వాట్సాప్ గుర్తు నొక్కి "చూస్తాను" అని పంపండి. కూర్చున్నందుకు ఒక కలంకారీ సంచి ఇస్తాం. మా సైటు ఇంతవరకు తెరవనివాళ్లయితే మరీ మంచిది. బంధువులకు మాత్రం ఈసారీ అవకాశం లేదు, వాళ్లకు అన్నీ బాగానే కనిపిస్తాయి.