వాడికి ఈత వచ్చు

అమ్మలూ,

డిసెంబరు సెలవుల్లో అహ్మదాబాదు నుంచి డయ్యూ వెళ్తున్నామని నువ్వు ఫోనులో చెప్పగానే నాకు మాట పెగల్లేదు. జాగ్రత్తగా వెళ్లి రండి అని మాత్రం అనగలిగాను. నోట రానిది కాగితం మీదైనా వస్తుందేమోనని కూర్చున్నాను.

మన ఇంట్లో పటంలో ఉన్న మీ పెదనాన్న ఆ సముద్రంలోనే పోయాడు.

అన్నయ్య నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఊరి చెరువులో నా నడుముకు రెండు ఎండిన ఆనపబుర్రలు కట్టి ఈత నేర్పింది తనే. ఒడ్డు వదిలి కాస్త దూరం వెళ్లాక, నాకు తెలియకుండా ఒక బుర్ర ముడి విప్పేసేవాడు. పొలం గట్ల మీద పెరిగిన మనిషి నౌకాదళంలో చేరి ఇంజను గదిలో పనికి కుదిరాడు. సెలవుకు వచ్చినప్పుడు చూస్తే గోళ్ల అంచుల్లో నల్లటి నూనె గీతలు ఉండేవి. నాన్నమ్మ కుంకుడురసం పెట్టి ఎంత రుద్దినా పోయేవి కావు.

1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ ఖుక్రీ మీద ఉన్నాడు. డిసెంబరు 9 రాత్రి, డయ్యూకు దూరంగా నడిసముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో ఆ ఓడకు తగిలింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ఓడతోపాటే వెళ్లిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను మరొకరికి ఇచ్చేసి ఓడను వదలకుండా ఉండిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు.

టెలిగ్రాం వచ్చేసరికి మేమంతా కళ్లంలో ఉన్నాం. పోస్టుమాస్టరుగారు చదివి, ‘గల్లంతయ్యాడట’ అన్నారు. చనిపోయాడని అనలేదు. నాన్నమ్మ ఆ ఒక్క మాటను పట్టుకుంది. ‘వాడికి ఈత వచ్చు. ఏ ఒడ్డుకో చేరి ఉంటాడు’ అని వచ్చినవాళ్లందరికీ తనే ధైర్యం చెప్పేది. మూడేళ్లు కర్మకాండ మాట ఎత్తనివ్వలేదు. నేనూ నమ్మాను. నా బుర్రల ముడి విప్పిన మనిషి నీళ్లలో ఎలా పోతాడు?

పక్క ఊరి నావికుడొకరు సెలవుకు వచ్చినప్పుడు నాన్నమ్మ కబురంపింది. ఇంజను గది ఓడ అడుగున ఉంటుందని, ఖుక్రీ నిమిషాల్లోనే మునిగిపోయిందని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ‘అయితే మాత్రం, ఈత వచ్చు కదా బాబూ’ అంది ఆవిడ. ఆయన లేచి, పెరట్లో గోలెం దగ్గరికి వెళ్లి, ఇత్తడి చెంబును నీళ్ల మీద పెట్టి ఒక పక్కకు వంచాడు. చెంబు బుడుంగుమని అడుక్కి పోయింది. నాన్నమ్మ చాలాసేపు గోలెంలోకి చూస్తూ నిలబడింది. తర్వాత చెయ్యి పెట్టి చెంబు పైకి తీసి, తుడిచి, లోపల పెట్టింది. ఆ ఏడు మహాలయ అమావాస్యకు తాతయ్య మొదటిసారి అన్నయ్య పేరున నువ్వులు, నీళ్లు వదిలారు.

విశాఖ బీచ్‌లో ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరిగిన రోజుల్లో చూడటానికి వెళ్లేవాణ్ని. కరాచీ మీద దాడి చేసిన రోజది, ఆ సంబరం న్యాయమే. కానీ అయిదు రోజుల తర్వాత ఇంట్లో దీపం పెట్టేటప్పుడు నాకు ఎవరైనా పక్కన ఉంటే బాగుండుననిపిస్తుంది. ఈసారి నువ్వు అక్కడ ఉంటావు.

డయ్యూలో సముద్రానికి ఎదురుగా ఖుక్రీ స్మారకం ఉంది. అద్దాల గదిలో ఆ ఓడ నమూనా పెట్టారు. తర్వాత అదే పేరుతో వచ్చిన మరో ఖుక్రీ 32 ఏళ్లు పనిచేసి, 2021 డిసెంబరులో మన విశాఖలోనే విరమించింది. దాన్నీ డయ్యూకే ఇచ్చి మ్యూజియం చేశారు. అన్నయ్య ఎక్కిన ఓడ కాదు, నాకు తెలుసు. అయినా ఎక్కు. ఇంజను గది వరకు వెళ్లనిస్తే, అక్కడి నుంచి పైకి రావడానికి ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టి నాకు చెప్పు.

మీ నాన్న